పక్కింటి గోలకి అద్దె ఇల్లు మధ్యలో వదిలేయాలా? ఏ దారిలో ఎంత పోతుంది, ఎవరికి ఏది నయం

పదకొండు నెలలకి అగ్రిమెంట్ రాసుకున్నారు. మూడో నెలకే తెలిసిపోయింది, పైవాళ్లతో వేగలేమని. రాత్రి పదకొండు దాటాక మంచాలు లాగుతారు, ఒంటిగంటకి స్పీకర్ మోగుతుంది, తెల్లారకముందే మిక్సీ మొదలవుతుంది. ఓనర్‌కి చెబితే "కాస్త సర్దుకోండమ్మా" అంటాడు. అసోసియేషన్‌కి చెబితే వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది, రెండ్రోజులు ప్రశాంతంగా ఉండి మళ్లీ మామూలే. ఇంట్లో ఒకరు "పోనీ, వెళ్లిపోదాం" అంటారు, ఇంకొకరు "అడ్వాన్స్ పోతుంది" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్నవాళ్ల కోసం ఇది.

లెక్కలు హైదరాబాద్ పద్ధతిలో వేస్తున్నాను: రెండు నెలల అడ్వాన్స్, నెల నోటీసు, ఆరు నెలల లాకిన్ (అంతలోపు ఖాళీ చేయకూడదన్న షరతు), ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోత. మీ అగ్రిమెంట్‌లో అంకెలు వేరైతే వాటినే పెట్టి చూసుకోండి.

ముందు తేల్చుకోవాల్సినవి

గోల ఎంత ఎక్కువగా ఉందన్నదాన్ని బట్టి నిర్ణయం తీసుకుంటే తప్పులో కాలేస్తాం. అది ఎక్కడినుంచి వస్తోందన్నదే ముందు చూడాలి.

కొన్ని గోలలు వాటంతటవే పోతాయి. పక్క ఫ్లాట్‌లో టైల్స్ మార్చడం, ఎదురు స్థలంలో బోరు వేయడం, వీధి చివర వినాయక మండపం లాంటివి. వీటికోసం ఇల్లు మారడమంటే డబ్బు పారేసుకోవడమే. కొన్ని మనుషుల అలవాట్ల వల్ల వస్తాయి. పెద్దగా పాటలు, వీకెండ్ పార్టీలు, తలుపులు దబదబా వేయడం ఇలాంటివి. వీటిలో కొంత చెబితే తగ్గుతుంది.

ఇక మూడో రకం శ్లాబు గోల. నడక, కుర్చీ జరపడం, పిల్లలు గెంతడం. ఇందులో పైవాళ్ల తప్పు పెద్దగా ఉండదు, శ్లాబు మీద ఏం తగిలినా కింద దడదడమంటుంది. కుర్చీ కాళ్లకి ఫెల్ట్ ముక్కలు అంటించమని, హాల్లో ఒక మందపాటి చాప పరవమని అడగొచ్చు, మీరే కొనిచ్చినా తప్పులేదు. అంతకుమించి ఏ అసోసియేషనూ, ఏ పోలీసూ చేయగలిగింది లేదు. మూడేళ్ల పిల్లాణ్ని నడవొద్దని ఎవరు చెప్తారు? నాలుగోది వ్యాపారం. పక్కన హాస్టల్, ఫంక్షన్ హాల్, కింద జిమ్, రాత్రి దాకా నడిచే కర్రీ పాయింట్. ఇవి ఉంటాయి, పోవు.

ఈ చివరి రెండు రకాలైతే సర్దుబాటు ప్రయత్నాలకి నెలలు ఖర్చు పెట్టకండి. వెళ్లే దారుల్లో ఏది చవకో చూసుకోండి.

రెండోది అగ్రిమెంట్. మన వాళ్లలో చాలామంది సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని తెరిచి చూడరు. మూడు పంక్తులు వెతకండి: లాకిన్ ఎన్ని నెలలు, నోటీసు ఎన్ని రోజులు, నోటీసు లాకిన్ లోపల ఇవ్వొచ్చా లేక లాకిన్ ముగిశాకే ఇవ్వాలా. మూడోది చిన్న మాటలా కనిపిస్తుంది కానీ దానివల్ల ఒక నెల అద్దె తేడా వస్తుంది.

మూడోది చేతిలో డబ్బు. కొత్త ఇంటికి అడ్వాన్స్ ముందే కట్టాలి, పాత అడ్వాన్స్ తాళాలు ఇచ్చాక గానీ రాదు. నెలా రెండు నెలలు రెండు అడ్వాన్సులూ మన జేబు నుంచే నడవాలి. ఆ డబ్బు సర్దలేకపోతే కింద చెప్పే కొన్ని దారులు కాగితం మీదే బాగుంటాయి.

చట్టం మన వెనక ఉందా?

కొంతే ఉంది. "పక్కవాళ్లు గోల చేస్తున్నారు కాబట్టి అగ్రిమెంట్ చెల్లదు" అన్న వాదన నిలబడదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 108 ప్రకారం అద్దె సక్రమంగా కడుతున్నంత కాలం అద్దెదారుని ఆటంకం లేకుండా ఉండనివ్వడం ఓనర్ బాధ్యత. అయితే ఆ బాధ్యత ఓనర్ వల్ల, ఆయన తరఫున హక్కు చెప్పేవాళ్ల వల్ల వచ్చే ఆటంకాల గురించి. పైఫ్లాట్ వేరే ఓనర్‌ది అయినప్పుడు వాళ్ల స్పీకర్‌కి మీ ఓనర్‌ని బాధ్యుణ్ని చేయడం కష్టం.

శబ్దం మీద 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలున్నాయి. ఇళ్లుండే ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. ప్రైవేటు ఇంట్లో మోగే సౌండ్ సిస్టమ్ ఆ ఇంటి హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్ కంటే ఎక్కువ దాటకూడదు. రాత్రిపూట ఇళ్ల మధ్య శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. అంటే స్పీకర్, డీజే, రాత్రి డ్రిల్లింగ్ మీద 100కో 112కో ఫోన్ చేయడం మన హక్కే. పెట్రోలింగ్ వాళ్లు వచ్చి తగ్గించమని చెబితే ఆ రాత్రికి తగ్గుతుంది. రోజూ ఉండే గోలకి మాత్రం రోజూ ఫోన్ చేయలేం కదా. ఫోన్‌లో డెసిబెల్ యాప్ మన అంచనాకి పనికొస్తుంది, దాన్ని సాక్ష్యంగా ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మన పక్షాన గట్టిగా నిలిచేది కాంట్రాక్టు చట్టం, 1872. సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని రాసుకున్నా, కోర్టు ఇప్పించేది ఆ అంకెకి లోబడి సమంజసమైన పరిహారమే. మీరు వెళ్లిన పది రోజులకే ఓనర్ ఇంకొకరికి అద్దెకిచ్చుకుంటే మిగిలిన నెలల అద్దె మొత్తం మీ దగ్గర రాబట్టడం ఆయనకి సులువు కాదు. బేరంలో ఇది గుర్తుంచుకోండి.

ఇంకో విషయం. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటే లీజు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి, రాష్ట్రాల సవరణలు వేరుగా ఉండొచ్చు. పదకొండు నెలల అగ్రిమెంట్లు ఇన్ని ఉండటానికి కారణం అదే. మీరు రెండు మూడేళ్లకి రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే ఆ కాగితంలోని లాకిన్ కోర్టులో నిలవడం కష్టం. దాన్ని నెలవారీ అద్దెగా చూస్తే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు. ఇలాంటి కాగితం మీ చేతిలో ఉంటే ఒకసారి లాయర్‌కి చూపించండి, ఆ ఫీజు దండగ కాదు.

దారులన్నీ ఒకచోట

లెక్క కోసం: అద్దె 22,000, అడ్వాన్స్ 44,000, లాకిన్ 6 నెలలు, ఇప్పటికి 3 నెలలు గడిచాయి.

| దారి | మన జేబు నుంచి | ఎన్నాళ్లు | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|
| ఉండి తగ్గించుకోవడం | దాదాపు ఏమీ లేదు | నెల, నెలన్నర | శ్లాబు గోల, హాస్టల్ గోల తగ్గవు |
| అదే ఓనర్ ఇంకో ఇల్లు | షిఫ్టింగ్ ఖర్చు | ఖాళీ దొరికినప్పుడు | ఖాళీ దొరకదు |
| లాకిన్ దాకా ఉండి నోటీసు | పెయింటింగ్ 22,000 (అద్దె కడతాం, ఉంటాం కూడా) | 3 నుంచి 4 నెలలు | అన్నాళ్లూ నిద్ర లేదు |
| బదులు మనిషిని చూపించడం | పెయింటింగ్ 22,000, బ్రోకర్‌కి సగం నెల అద్దె | నెల అటూ ఇటూ | ఆషాఢంలో మనుషులు దొరకరు |
| వెంటనే వెళ్లిపోవడం | అడ్వాన్స్ 44,000 మొత్తం, కాగితం ప్రకారం ఇంకో 22,000 అద్దె, పెయింటింగ్ 22,000 కూడా | వారం | గేటు దగ్గర గొడవ |
| కేసు | ఫీజులు, టైమ్ | చెప్పలేం | గెలిచేసరికి ఇల్లు మారిపోయుంటాం |

ఉండి తగ్గించుకోవడం. అలవాట్ల గోలైతే ముందు ఇదే చేయాలి. నేరుగా వెళ్లి మాట్లాడటం మంచిదే కానీ రాత్రి గోల జరుగుతుండగా కోపం మీద వెళ్లి తలుపు కొట్టకండి. మర్నాడు సాయంత్రం వెళ్లండి. "మా అమ్మకి బీపీ, పదిన్నర తర్వాత కాస్త చూసుకోండి అన్నా" అంటే చాలామంది వింటారు. విననివాళ్ల కోసం ఓనర్‌కి రాతలో పెట్టాలి. ఫోన్‌లో చెప్పింది గాల్లో కలిసిపోతుంది, రాసింది ఉంటుంది. ఇలా రాయొచ్చు:

"నమస్తే అంకుల్. 302 నుంచి. ఆగస్టు 4, 9, 12 తేదీల్లో రాత్రి 11 నుంచి 1 దాకా 402లో స్పీకర్ పెట్టారు. వాచ్‌మన్‌ని పంపాం, గ్రూపులో కూడా పెట్టాం. మీరొకసారి 402 ఓనర్ గారితో మాట్లాడండి. ఈ నెలాఖరు దాకా చూస్తాం. తగ్గకపోతే మేం వేరే ఇల్లు చూసుకోవాల్సి వస్తుంది. అప్పుడు లాకిన్ విషయంలో మీరు కాస్త సహకరించాలి."

ఇందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు. తేదీలున్నాయి, గడువుంది, రేపు మనం ఏం అడగబోతున్నామో ఈ రోజే ఓనర్ చెవిన పడింది. నెల తర్వాత బేరం మొదలైనప్పుడు "ఇప్పుడా చెప్పేది?" అనలేడు.

అపార్ట్‌మెంట్‌లో కాకుండా ఇండిపెండెంట్ ఇంట్లో పోర్షన్ తీసుకున్నవాళ్లకి పరిస్థితి వేరు. గోల చేసేది అదే ఓనర్ ఇంకో అద్దెదారైతే ఓనర్ ఒక్క మాట అంటే తగ్గుతుంది, తగ్గకపోతే మనల్ని వదిలేయమని అడిగే నైతిక బలం మనకుంటుంది. గోల చేసేది ఓనర్ కుటుంబమే అయితే ఉండి సర్దుకునే ఆలోచన మానుకోండి. వాళ్ల ఇంట్లో వాళ్లు మారరు.

అదే ఓనర్ ఇంకో ఇల్లు. అడగడానికి చాలామందికి తట్టదు. ఒకే బిల్డింగ్‌లో రెండు మూడు ఫ్లాట్లున్న ఓనర్లు ఉంటారు, బిల్డర్ కోటాలో ఫ్లాట్లు ఉంచుకున్నవాళ్లూ ఉంటారు. అన్నిటికంటే పైఫ్లోర్‌కి మారితే తల మీద గోల పోతుంది, మే నెలలో ఎండ మాత్రం శ్లాబు నుంచి దిగుతుంది. నా ఓటు ఎండకే, ఏసీతో దాన్నయినా తగ్గించుకోవచ్చు.

లాకిన్ దాకా ఉండి పద్ధతిగా వెళ్లడం. అందరికంటే తక్కువ టెన్షన్ ఇందులోనే. ఐదో నెల పూర్తవుతుండగా నోటీసు పడేలా చూసుకుంటే ఆరో నెలతో లాకిన్, నోటీసు రెండూ కలిసి ముగుస్తాయి. "లాకిన్ ముగిశాకే నోటీసు" అని రాసి ఉంటే ఏడో నెల కూడా కట్టాలి. నోటీసు వాట్సాప్‌తో పాటు ఈమెయిల్లో కూడా పంపండి, తేదీ స్పష్టంగా రాయండి. పెయింటింగ్ కోత అగ్రిమెంట్‌లో లేకపోతే అడిగినంత ఒప్పుకోనక్కర్లేదు. ఆరు నెలలే ఉన్న ఇంటికి గోడలు అంతగా మాసిపోవు కదా, సగానికి బేరమాడండి.

బదులు మనిషిని చూపించి వెళ్లడం. లాకిన్‌లో ఇరుక్కున్నవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. ఓనర్ భయమంతా ఇల్లు ఖాళీగా ఉంటుందని. ఆ భయం పోగొడితే లాకిన్ గురించి పట్టుబట్టే ఓనర్లు తక్కువ. "కొత్తవాళ్లకి వెయ్యి పెంచుకోండి అంకుల్, మనిషిని మేం తెస్తాం" అంటే ఇంకా మెత్తబడతాడు. ఆఫీసు గ్రూపులు, కాలనీ గ్రూపులు, టు-లెట్ బోర్డు, అద్దె యాప్‌లు, అన్నీ వాడండి. ఇల్లు చూపించే పని మీరే చేయాలి, ఆదివారాలు పోతాయి.

కొత్తగా వచ్చేవాళ్లకి గోల సంగతి చెప్పాలా? చెప్పాలి. మనకి జరిగిందే ఇంకొకరి నెత్తిన పెట్టడం బాగుండదు, పైగా వాళ్లు రెండు నెలలకే వెళ్లిపోతే ఓనర్ మీకే ఫోన్ చేస్తాడు. అందరికీ అదే గోల బాధ కాదు. రాత్రి షిఫ్టు చేసే జంటకి రాత్రి స్పీకర్‌తో పనిలేదు, పగలంతా బయటుండేవాళ్లకి పగటి డ్రిల్లింగ్ వినపడదు. అలాంటివాళ్లని వెతకండి.

టైమింగ్ చాలా ముఖ్యం. జూలై అటూ ఇటూగా వచ్చే ఆషాఢంలో, పుష్యంలో ఇల్లు మారడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు. జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఇళ్ల కోసం తిరిగేవాళ్లు ఎక్కువ. ఫిబ్రవరిలో విసుగొస్తే మార్చి దాకా ఓపిక పట్టి అప్పుడు ప్రకటన పెట్టడం నయం.

ఓనర్ ఒప్పుకున్నాక రెండు లైన్ల మెసేజ్ తీసుకోండి: ఏ తేదీకి ఖాళీ, లాకిన్ అద్దె అడగరు, అడ్వాన్స్‌లో ఎంత కోత, మిగతాది ఏ రోజు ఇస్తారు. మాట మీద వదిలేస్తే తాళాలు ఇచ్చే రోజు కొత్త కోతలు పుట్టుకొస్తాయి.

వెంటనే వెళ్లిపోవడం. చంటిపిల్లలున్నవాళ్లు, ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన పెద్దవాళ్లున్నవాళ్లు నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేరు. అప్పుడు 44,000 ఆరోగ్యం కింద రాసేసుకుని వెళ్లడంలో తప్పులేదు. అయితే "అద్దె అడ్వాన్స్‌లో కోసుకోండి" అని చెప్పి చివరి రెండు నెలలు కట్టకుండా కూర్చునే పద్ధతి వేరు. లాకిన్ లోపల ఆ పని చేస్తే పెయింటింగ్, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ బాకీ అన్నీ మిగిలిపోతాయి. ఆ గొడవ లారీలో సామాను ఎక్కించే రోజే బయటపడుతుంది. గేటెడ్ కమ్యూనిటీల్లో ఓనర్ ఓకే అంటేనే మూవ్-అవుట్ పాస్ ఇస్తారు, ఫ్రిజ్ లిఫ్టులో పెట్టాక సెక్యూరిటీ ఆపేస్తే ఆ రోజు ఏ బేరమైనా మనమే తగ్గాలి. కాబట్టి వెళ్లే వారం ముందే ఓనర్‌తో కూర్చుని, అడ్వాన్స్‌తో లెక్క సరి, ఇంకేం బాకీ లేదని రాయించుకోండి.

కేసు. గోల ఆపించడానికి సివిల్ కోర్టుకి వెళ్లడం అద్దెదారుకి గిట్టుబాటు కాదు. సొంత ఫ్లాట్ వాళ్లయితే ఆలోచించొచ్చు. అడ్వాన్స్ తిరిగివ్వని ఓనర్ మీద మాత్రం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లడం మంచి దారి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డుకి కోర్టు డిక్రీతో సమాన విలువ ఉంటుంది. 15100కి ఫోన్ చేస్తే వివరాలు చెప్తారు.

ఎవరికి ఏది

ఒంటరిగా ఉండే ఉద్యోగులకి, బ్యాచిలర్లకి బదులు మనిషిని చూపించడమే. ఫ్రెండ్స్ సర్కిల్లోనే ఎవరో ఒకరు దొరుకుతారు, సామాను కూడా తక్కువ.

స్కూలు పిల్లలున్న కుటుంబం ఏడాది మధ్యలో కదిలితే బస్సు రూటు దగ్గర్నుంచి ట్యూషన్ దాకా అన్నీ మారతాయి. వీళ్లు గోల రాని గదిలో పడకలు వేసుకుని, మార్చి దాకా నెట్టుకొచ్చి, నోటీసుతో వెళ్లడం మేలు.

వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకి పగటి గోలే సమస్య. అది టైల్స్ పనైతే ఎప్పటికి అయిపోతుందో మేస్త్రీనే అడగండి, ఆయన చెప్పిన దానికి పది రోజులు కలుపుకోండి. అప్పటిదాకా కోవర్కింగ్ సీటుకి పెట్టే ఖర్చు ఇల్లు మారే ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

బెంగళూరులో ఉన్న మనవాళ్లకి ఓ మాట. అక్కడ ఒకప్పుడు పది నెలల అడ్వాన్స్ మామూలు, ఇప్పటికీ రెండు నెలలకంటే ఎక్కువ అడిగే ఓనర్లే ఎక్కువ. 2021 నమూనా అద్దె చట్టం ఇళ్లకి రెండు నెలలు దాటొద్దంది కానీ, రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఓనర్ చేతిలో అంత డబ్బు ఉన్నప్పుడు వెంటనే వెళ్లిపోయే దారిని మర్చిపోండి. బదులు మనిషిని వెతకండి, అడ్వాన్స్ వచ్చే తేదీ రాతలో లేకుండా తాళాలు ఇవ్వకండి.

కొత్త ఇల్లు చూసేటప్పుడు

ఆదివారం పొద్దున పదింటికి చూసిన ఇల్లు ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంటుంది. నచ్చాక రాత్రి తొమ్మిదిన్నరకి ఇంకోసారి వెళ్లి పడకగదిలో లైట్ ఆపి పది నిమిషాలు ఉండండి. పైన ఎవరుంటారు, పక్కన హాస్టల్ ఉందా, నీళ్ల మోటారు ఏ గోడకి ఆనుకుని ఉంది, ఏ టైమ్‌కి వేస్తారు, ఇవన్నీ బ్రోకర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. ఇంతకుముందున్నవాళ్లు ఎన్నాళ్లున్నారో, ఎందుకు వెళ్లారో కూడా ఆయనకే తెలుస్తుంది.

అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు లాకిన్ ఆరు నెలలని మూడుకి తగ్గించమనండి. ఒప్పుకోకపోతే, మొదటి రెండు నెలల్లో ఖాళీ చేయాల్సి వస్తే నెల నోటీసు, పెయింటింగ్ కోత తప్ప ఇంకేమీ తీసుకోరని ఒక వాక్యం రాయించండి. నెలకి పైగా ఖాళీగా ఉన్న ఇల్లయితే ఓనర్ దీనికి పెద్దగా అడ్డు చెప్పడు.